నాలుగు మిల్లీమీటర్లు జరిగి ఆగిపోయిన పిన్ను

బండి చిన్న సైజు చైన్ డోజర్, అంటే చక్రాలకి బదులు ఇనప చైన్ల మీద నడిచే బుల్డోజర్. బాగా పాతది. చైన్ కూడా పాత పద్ధతిదే, లింకులను కలిపే పిన్నుకూ, దాని మీద గొట్టంలా ఉండే బుష్‌కూ మధ్య సీలు గానీ ఆయిలు గానీ లేని పొడి చైన్. చాలా ఏళ్లుగా ఆరుబయట ఒకేచోట నిలబడిపోయింది. ఇంజిన్ సంగతి వేరేవాళ్లు చూసుకున్నారు, నాకు అప్పగించింది చైన్ల పని. చైన్‌ని తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) పన్ను ఎప్పుడూ బుష్‌ను ఒకే వైపు ఒత్తుతుంది, పిన్ను కూడా ఒకే వైపు అరుగుతుంది. అందుకని పిన్నులూ బుష్‌లూ అన్నీ ఊడదీసి, సగం చుట్టు తిప్పి, అరగని వైపు పనిలోకి వచ్చేలా మళ్లీ ప్రెస్ చేయిస్తారు. లింకులు బాగుంటే చైన్‌కి ఇంకో ఆయుష్షు వస్తుంది. యజమాని అడిగింది అదే. ఆ పని పెద్ద ప్రెస్ ఉన్న వర్క్‌షాపులో జరగాలి. అక్కడికి పంపాలంటే ముందు బండి మీద ఒక్కో చైన్‌కి ఒక్కో పిన్ను తీసి, చైన్ విడదీయాలి.

కుడి చైన్ నలభై నిమిషాల్లో విడిపోయింది. ఎడమదానికి మూడు రోజులు పట్టింది. రాయాల్సిందంతా ఎడమదాని గురించే.

ముందు జాయింటు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్రతి లింకుకూ ఒక కొస కాస్త బయటికి, రెండో కొస కాస్త లోపలికి ఉంటుంది. లోపలి కొసల జతలో బుష్ బిగుతుగా దిగి ఉంటుంది. బయటి కొసల జతలో పిన్ను రెండు చివర్లూ బిగుతుగా దిగి ఉంటాయి. పిన్ను నడుము భాగం మాత్రం బుష్‌లో వదులుగా తిరుగుతుంది. అంటే పిన్నుకి పట్టు ఉండాల్సింది రెండే చోట్ల, బయటి లింకుల రెండు కళ్లలో (పిన్ను దిగే రంధ్రాల్లో). మధ్యలో పట్టు ఉండకూడదు. నేను చేసిన తప్పంతా ఈ "ఉండకూడదు" అన్నదాన్ని "లేదు" అని అనుకోవడంలో ఉంది.

చైన్ విప్పడానికి మాస్టర్ పిన్ను వెతకడం మొదటి పని. మామూలు పిన్నుల కంటే దానికి బిగువు కాస్త తక్కువ ఉంటుంది, చివర మధ్యలో గుంటలాంటి గుర్తు ఉంటుంది. దాని బుష్ మిగతావాటికంటే పొట్టిగా ఉండి, రెండు పక్కలా రింగులు కనిపిస్తాయి. కుడి చైన్‌లో వైర్ బ్రష్ కొట్టగానే గుర్తు బయటపడింది. ఎడమ చైన్‌లో ముప్ఫై ఆరు పిన్నులకూ బ్రష్ కొట్టాం, రెండు వైపులా. ఒక్కదానికీ గుర్తు లేదు. ఎప్పుడో ఎవరో రిపేరు చేసి మాస్టర్ పిన్ను స్థానంలో మామూలు పిన్ను కొట్టేసి ఉంటారు. పాత బండ్లలో ఇది కొత్తేం కాదు. ఇలాంటప్పుడు ఏదో ఒక మామూలు పిన్నును ఎంచుకోవాల్సిందే.

ఎంచుకోవడంలో నేను తేలిక దారి చూసుకున్నాను. ఐడ్లర్‌కీ (చైన్ ముందు కొసన తిరిగే చక్రం) పై రోలర్‌కీ మధ్య, పై వరసలో ఉన్న ఒక పిన్ను. అక్కడ షూ ప్లేట్ల (చైన్ మీద బిగించిన, నేలకి ఆనే పలకల) బోల్టులు మిగతా చోట్ల కంటే బాగున్నాయి, చెయ్యి తిరగడానికి చోటుంది. ఆ జాయింటు తిరుగుతోందా, బిగుసుకుపోయిందా అన్నది చూడలేదు. చూస్తే అరనిమిషం పని. బండిని ఒక అడుగు ముందుకు జరిపితే, తిరగని జాయింటు ఐడ్లర్ దిగేటప్పుడు సాఫీగా వంగకుండా మోచెయ్యిలా పొడుచుకొస్తుంది. బండిని జరపకుండానే పని మొదలుపెట్టాను.

చైన్ టెన్షన్ తగ్గించడానికి రెండు గంటలు పోయింది. గ్రీజు కొట్టే అడ్జస్టర్ కాదు, మరలు ఉన్న పెద్ద రాడ్డూ నట్టూ. మరలన్నీ తుప్పు. నట్టును వేడి చేసి, స్పానర్‌కి పైపు తొడిగి, కొంచెం ముందుకు కొంచెం వెనక్కి ఆడిస్తూ పదకొండు చుట్లు తిప్పాక ఐడ్లర్ 38 మి.మీ. వెనక్కి వచ్చింది. రోలర్ల మధ్య గట్టిపడిన మట్టి కూడా చైన్‌ని బిగదీస్తుంది, దాన్ని గునపంతో పొడిచి తీశాం. అడ్జస్టర్ వెనక ఉండే పెద్ద స్ప్రింగు జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. టన్నుల బరువుతో నొక్కి బిగించిన స్ప్రింగు అది, విప్పడానికి వేరే ఏర్పాటు కావాలి. గ్రీజు అడ్జస్టర్ ఉన్న బండ్లయితే వాల్వును ఒక్క చుట్టు మించి వదులు చేయకుండా, దానికి ఎదురుగా మొహం పెట్టకుండా గ్రీజు వదలాలి.

ఆ తర్వాత పిన్ను దగ్గర షూ ప్లేట్లు మూడు తీశాం. షూ చైన్ కంటే వెడల్పు, పక్కలకి చొచ్చుకొచ్చి ఉంటుంది. అది ఉంటే పిన్నుకి ఎదురుగా జాకీ కూర్చోదు. బోల్టుల్లో ఐదు తిరిగాయి, ఏడు గ్యాస్‌తో కోశాం.

మొదటి రోజు మధ్యాహ్నం సమ్మెట పట్టుకున్నాం. ఎందుకంటే కుడి వైపు మాస్టర్ పిన్ను సమ్మెటకే వచ్చింది. మనిషికి అప్పుడే గెలిచిన పద్ధతి మీద ఎక్కువ నమ్మకం. ఇరవై దెబ్బల తర్వాత పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుంది, పిన్ను మాత్రం కదల్లేదు. ఇక్కడ రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. దెబ్బకి పిన్ను చివర ఉబ్బి కంటిలో ఇంకా బిగుసుకుంటుంది. పైగా పై వరసలో చైన్ గాలిలో వేలాడుతున్నట్టే ఉంటుంది కాబట్టి, దెబ్బలో సగం చైన్ ఊగడానికే పోతుంది. వెనకవైపు బరువైన ఇనప దిమ్మ ఆనించి పట్టుకుంటే కొంత నయం, కానీ పట్టుకున్నవాడి చేతులు పోతాయి. ఇరవై ఒకటో దెబ్బకి పిన్ను అంచు నుంచి చిన్న పెచ్చు ఎగిరి నా సహాయకుడి ఫేస్ షీల్డ్‌కి తగిలి గీత పడింది. పిన్ను పైపొర గట్టిపరిచిన ఉక్కు, గట్టి సమ్మెట నేరుగా తగిలితే పగులుతుంది. మధ్యలో మెత్తటి ఉక్కు డ్రిఫ్ట్ (దెబ్బను పిన్నుకి అందించే కడ్డీ) పెట్టకుండా కొట్టడం నా పొరపాటు. అక్కడితో సమ్మెట పక్కన పెట్టేశాను.

గ్రైండర్‌తో విచ్చుకున్న తలను కోసి, అంచు వాలుగా చేసి, పిన్ను అసలు సైజుకి తెచ్చాం. ఈ పని చేయకుండా ప్రెస్ పెడితే ఉబ్బిన భాగం లింకు కంటిని గీసుకుంటూ పోతుంది. ఆ కన్ను మళ్లీ వాడాల్సింది.

రెండో రోజు ప్రెస్. నా దగ్గర ఉన్నది 50 టన్నుల పొట్టి హైడ్రాలిక్ సిలిండర్, 700 బార్ చేతి పంపు. ఫ్రేము సొంతంగా చేసుకున్నదే. రెండు మందపాటి ప్లేట్లు, వాటిని కలుపుతూ 8.8 గ్రేడు ఎం30 రాడ్లు నాలుగు. రెండు రాడ్లు చైన్ పైనుంచి, రెండు చైన్ కిందనుంచి పోతాయి. పిన్ను సరిగ్గా నాలుగింటి మధ్యలో పడాలి, లేకపోతే ఫ్రేము ఒక పక్కకి వంకరపోతుంది. పై వరసను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఇదే. ఐడ్లర్ ముందు భాగంలో అయితే కింది రాడ్లు దూర్చడానికి చోటుండదు. ఒకవైపు సిలిండర్, దాని ముందు పిన్ను కంటే కొంచెం సన్నటి డ్రిఫ్ట్. అవతలి వైపు లింకుకి ఆనేలా మందపాటి పైపు ముక్క, బయటికొచ్చే పిన్ను ఆ పైపులోకి వెళ్తుంది. పిన్ను వరసలో ఎవరూ నిలబడకూడదు. ఆ మొత్తం మీద పాత కన్వేయర్ బెల్టు ముక్క కప్పి, తాడుతో కట్టాం.

ముందు 400 బార్ దాకా చల్లగానే లోడు పెట్టాం. ఏమీ కాలేదు. లోడు కొంత తగ్గించి వేడి మొదలుపెట్టాం. వేడి గురించి చాలామందికి ఉన్న నమ్మకం ఏమిటంటే, టార్చి పెడితే కన్ను పెద్దదై పిన్ను దానంతటదే జారిపోతుందని. లెక్క చూడండి. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన కొలతలో లక్షకి సుమారు 1.2 వంతు పెరుగుతుంది. పిన్ను మందం 31.8 మి.మీ. ఉంది, కంటిని 150 డిగ్రీలు పెంచితే వచ్చే తేడా 0.06 మి.మీ. కూడా ఉండదు. పిన్ను బయటికొచ్చాక కొలిస్తే కన్ను 31.65 మి.మీ. ఉంది, అంటే బిగువు 0.15. వేడితో అందులో మూడో వంతుకి పైగా తగ్గుతుంది, అంతే. తుప్పు అతుకు వదులుతుందన్నది అదనపు లాభం. అది కూడా కంటిని మాత్రమే త్వరగా వేడి చేస్తేనే. నెమ్మదిగా కాలిస్తే పిన్ను కూడా వేడెక్కి అదీ పెరుగుతుంది, చేసిందంతా వృథా. ఇంకా ఎక్కువ వేడి పెట్టొచ్చు కదా అంటే, లింకు పైన రోలర్ నడిచే పట్టీ గట్టిపరిచి ఉంటుంది, దాని గట్టితనం పోతే లింకు పనికిరాదు. అందుకే 200 డిగ్రీల టెంపరేచర్ క్రేయాన్ గీత గీసి, అది కరగగానే టార్చి తీసేశాం. రెండు కళ్లకీ రెండు టార్చిలు, ఒకేసారి. సీలు వేసి ఆయిల్ నింపిన కొత్త రకం చైన్లకి ఈ పని చేయకూడదు. లోపల మూసుకున్న ఆయిలు వేడెక్కి ఎగజిమ్ముతుంది.

టార్చి తీసి పంపు కొట్టగానే 320 బార్ దగ్గర తుపాకీ పేలినట్టు చప్పుడు. అంటే సుమారు 23 టన్నులు. పిన్ను కదిలింది. అందరం నవ్వుకున్నాం. ఇంకో పది సార్లు పంపు కొట్టేసరికి 4 మి.మీ. జరిగి ఆగిపోయింది. మళ్లీ వేడి, మళ్లీ పంపు. 450, 500, 560. ఫ్రేము రాడ్లు సన్నగా మూలుగుతున్నాయి. 560 అంటే 40 టన్నులు. మొదట 23 టన్నులకే రెండు కళ్లూ వదిలేస్తే, ఇప్పుడు 40 టన్నులకి కదలకపోవడం ఏమిటి? ప్రెస్‌ఫిట్‌లో ఒకసారి పట్టు తెగాక జారడానికి మొదటికంటే తక్కువ బలం చాలాలి. ఇది నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. పెద్ద సిలిండర్ ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాను.

చూసింది సహాయకుడు. బెల్టు ముక్క పైకెత్తి లైటు వేసి, "అన్నా, పిన్నొక్కటే కాదు, లోపలి లింకు కూడా పక్కకి జరిగింది చూడు" అన్నాడు. నిజమే. పొడి చైన్‌లో బయటి లింకుకీ లోపలి లింకుకీ మధ్య పక్కల రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటుంది. సిలిండర్ వైపు ఆ సందు వెడల్పయింది. అవతలి వైపు పూర్తిగా మూసుకుపోయింది, బ్లేడు కూడా దూరడం లేదు.

ఆ సందును చూశాక మిగతాది కాగితం మీద గీస్తే తేలిపోయింది. ఏళ్ల తరబడి చైన్ లాగుడికి పిన్ను నడుము ఒక వైపు అరిగి లోపలికి పోతుంది. బుష్ లోపలి గోడ కూడా ఒక వైపు అరుగుతుంది. పిన్ను రెండు చివర్లు మాత్రం లింకు కళ్లలో ఉండి అరగవు. కాబట్టి నడుముకీ చివరికీ మధ్య ఒక మెట్టు ఏర్పడుతుంది. చైన్ లాగుడులో ఉన్నంతసేపు బుష్ గోడ ఆ అరిగిన పల్లంలో కూర్చుని ఉంటుంది. ఇప్పుడు పిన్నును పక్కకి తోస్తే, వెనక చివర ఉన్న మెట్టు నేరుగా బుష్ అంచుకి వచ్చి కొట్టుకుంటుంది. పిన్ను బుష్‌ను తోస్తుంది, బుష్ అవతలి బయటి లింకును తోస్తుంది, ఆ లింకు నా పైపు ముక్కను తోస్తుంది. 40 టన్నులూ ఫ్రేములో ఒక చుట్టు తిరిగి వస్తున్నాయి తప్ప పిన్ను మీద పని చేయడం లేదు. వంద టన్నుల సిలిండర్ తెచ్చి ఉంటే బుష్ పగిలేది, లేదా లింకు వంగేది.

అంటే పిన్ను కంటిలో ఇరుక్కోలేదు, చైన్ పట్టుకుని ఉంది. బుష్‌ను పిన్ను మెట్టు నుంచి తప్పించాలి, కొద్దిగా, చైన్ పొడవు వైపు. ఎంత? కొత్తదానికి పిన్ను నుంచి పిన్నుకి 154 మి.మీ. ఉండాలి. చైన్‌ని లాగి నాలుగు జాయింట్లు కలిపి కొలిస్తే 616 బదులు 628 వచ్చింది, ఒక్కోదానికి 3 మి.మీ. సాగుడు. అందులో పిన్ను అరుగుడెంతో, బుష్ అరుగుడెంతో విప్పితే తప్ప తెలియదు. ఎక్కువ భాగం పిన్నుదే అనుకుని, ఈ జాయింటు 157 నుంచి 155 లోపుకి రావాలని గురి పెట్టుకున్నాం. తర్వాత పిన్ను చేతికొచ్చాక నడుము 29.9 మి.మీ. ఉంది. మెట్టు ఎత్తు 1.9. గురి సరిపోయింది.

టెన్షన్ ముందే తీసేశాం కదా, మరి జాయింటు ఎందుకు వదులుగా లేదు? రెండు కారణాలు. మొదటిది, వేలాడే పై వరస బరువే జాయింటును లాగి పట్టుకుంటుంది. రెండోది, బుష్‌లో అరుగుడు వల్ల వచ్చిన ఖాళీ అంతా తుప్పు పొడి, మట్టి కలిసి గట్టిపడి సిమెంటులా అయింది. బుష్ వెనక్కి రావడానికి లోపల చోటే లేదు. జాయింటు అసలు తిరగడం లేదని అప్పుడు చూశాం. మొదటి రోజు అరనిమిషంలో చూడాల్సింది, రెండో రోజు సాయంత్రం చూశాం.

ఫ్రేము విప్పేశాం. పక్క సందుల్లోంచి డీజిలూ పల్చటి ఆయిలూ కలిపి పోసి రాత్రంతా వదిలాం. బిగువు ఫిట్‌లోకి ఆయిల్ ఎక్కుతుందని నేను నమ్మను, కానీ తుప్పు పొడిలోకి ఎక్కుతుంది. పొద్దున జాయింటు కింద జాకీ పెట్టి ఎత్తడం, దించడం. ఎత్తినప్పుడు పక్క లింకుకి పైపు తగిలించి కిందికి నొక్కడం. మొదటి పావుగంట ఏమీ లేదు. తర్వాత చిటుక్కుమంది, సందులోంచి ఎర్రటి పొడి రాలింది. ఆ చిన్న చప్పుడుకి నాకు ముందురోజు తుపాకీ చప్పుడు కంటే ఎక్కువ ధైర్యం వచ్చింది. అక్కడినుంచి ఒక్కో ఊపుకీ కొంచెం కొంచెం ఎక్కువ తిరిగింది. మధ్యమధ్య గాలి కొట్టి పొడి బయటికి తోలాం, మళ్లీ డీజిల్ పోశాం. గంట దాటాక జాయింటు చేత్తో పైపు పట్టి ఊపితే ఊగేంత వదులైంది.

తర్వాత రెండు పక్కలా మూడేసి లింకుల అవతల కొక్కేలు తగిలించి, చైన్ పుల్లీతో రెండు వైపుల్నీ దగ్గరికి లాగాం. జాయింటు బరువు జాకీ మీద, చెక్క దిమ్మ మీద. టేపుతో కాదు, పెద్ద వెర్నియర్‌తో పిన్ను చివర అంచు నుంచి పక్క పిన్ను చివర అదే వైపు అంచుకి కొలుస్తూ లాగాం. 157 నుంచి 155.5కి సులువుగా వచ్చింది, ఆ తర్వాత జాకీని ఒక వెంట్రుక ఎత్తితే 154.5కి వచ్చి కూర్చుంది. జాకీ ఎత్తు తప్పితే ఎంత లాగినా ఉపయోగం లేదు, బుష్ పొడవు వైపు జరగడానికి బదులు కిందికో పైకో ఒరిగి పట్టేస్తుంది. పుల్లీ తెగితే తగిలేది మనిషికే కాబట్టి కొక్కేల మీద కూడా బెల్టు కప్పాం.

మళ్లీ ఫ్రేము ఎక్కించాం. ఒక రాత్రి చల్లబడ్డాక కన్ను మళ్లీ పిన్నును పట్టేసి ఉంటుంది కదా, అందుకని మళ్లీ క్రేయాన్, మళ్లీ రెండు టార్చిలు. 280 బార్ దగ్గర కదిలి, సాఫీగా జారింది. సిలిండర్ స్ట్రోకు చిన్నది, ప్రతి 50 మి.మీ.కీ వెనక్కి తీసి మధ్యలో స్పేసర్ ముక్క పెట్టాలి. కళ్లు దాటాక గేజీ దాదాపు సున్నాకి పడిపోయింది. ఇక్కడ పని అయిపోయిందనుకుని ఫ్రేము వదులు చేయకూడదు. పిన్ను వెనక చివర కూడా పూర్తి సైజుదే కాబట్టి, అది బుష్‌లోంచి నడిచి అవతలి కంటిలోకి వచ్చినప్పుడు మరోసారి బిగువు మొదలవుతుంది. ఈసారి ఒకే కన్ను, అది చల్లగా ఉంది. 200 బార్ చూపించింది, అంటే 14 టన్నులు. కంటి అంచున పిన్ను వంకరగా పట్టుకోకుండా జాకీని మరోసారి సవరించాం. మూడో రోజు పదకొండున్నరకి పిన్ను పైపులో పడింది.

చైన్ విడిపోయే క్షణానికి ముందే రెండు కొసలనీ దుంగల మీద నిలబెట్టాలి, పుల్లీ బిగువు అలాగే ఉంచాలి. పిన్ను రాగానే పుల్లీని నెమ్మదిగా వదిలి, కొసలను ఒక్కొక్కటిగా దించాం. పిన్ను తీసిన సంబరంలో చైన్ కొస కాలి మీద పడేసుకున్న వాళ్లను చూశాను.

పిన్నూ కళ్లూ కొలిచాం. ఒక కంటిలో సన్నటి గీత ఉంది, మొదటి రోజు సమ్మెట దెబ్బల గుర్తు. ఎమెరీతో పాలిష్ చేస్తే పోయింది, సైజు మారలేదు. సైజు మారి ఉంటే కొత్త పిన్ను పక్కకి నడిచేది, దాన్ని ఆపడానికి చివర రింగు వెల్డింగ్ చేసుకోవాల్సి వచ్చేది. పిన్నును గ్యాస్‌తో మధ్యలో కాల్చి బొక్క పెట్టి తీసే పద్ధతి ఒకటుంది. కంటి మధ్య ఇరుక్కుని పెరగడానికి చోటు లేని పిన్ను వేడికి నలిగి, చల్లారినప్పుడు సన్నబడుతుంది. మూడో రోజు కూడా రాకపోతే అదే చేసేవాణ్ణి, బుష్ మీద ఆశ వదులుకుని. కానీ మన సమస్య బిగువులో లేదు కాబట్టి అది కూడా పని చేసేది కాదేమో అని తర్వాత అనిపించింది.

వర్క్‌షాపుకి పంపేముందు చైన్‌ని నేల మీద పరిచి ప్రతి జాయింటునీ పైపుతో ఎత్తి చూశాం. ఇంకో ఏడు తిరగడం లేదు. వాటికి పసుపు రంగు పూసి, డీజిల్ పోసి, ప్రెస్ వాళ్లకి కాగితం రాసిచ్చాను: ఈ ఏడింటినీ ముందు ఆడించి వదులు చేసి, చివర్లో నొక్కండి, నొక్కేటప్పుడు పక్క సందు మూసుకుంటోందేమో చూడండి.